లెమ్‌లెమ్ వాళ్ళ నాన్న చెడ్డవాడు

ఆ శనివారం యిర్దావ్ ఇంట్లో ఉన్నవాళ్ళు వీళ్ళు. ముందుగదిలో మట్టి అరుగు మీద ఇంటి గురువు కిఫ్లే, ఒడిలో చేతి శిలువ, భుజం మీద ఈగలు తోలుకునే గుర్రపు తోక. ఆయన పక్కన వాగు అవతలి వుబ్నే. వుబ్నే వెంట వచ్చిన అరడజను మంది మగవాళ్ళు, అందరూ తెల్ల శాలువాల్లో. వాళ్ళలో ఒకడు వుబ్నే కొడుకు, శాలువా ముక్కుదాకా లాక్కుని నేలచూపులు చూస్తున్నాడు. పొయ్యి దగ్గర ఇల్లాలు తాంగుత్, ఆమెకు సాయం వచ్చిన ఇరుగుపొరుగు ఆడవాళ్ళు. వాకిట్లో ఎండపొడలో యిర్దావ్ తల్లి, మొగుడు పోయాక సన్యాసం పుచ్చుకుని పసుపు టోపీ పెట్టుకున్న మనిషి, పెదాలు కదుపుతూ జపం చేసుకుంటోంది. ఇంట్లోకెల్లా మంచి పీట మీద, గొర్రెతోలు పరిచి మరీ కూర్చోబెట్టిన ఫెంతాయే. ఊళ్ళో పిల్లలకు టీకాలు వేసేది ఆవిడే, అందరికీ డాక్టరమ్మ. యిర్దావ్ ఒక్కడే కూర్చోలేదు. బార్లీ కల్లు కూజా పట్టుకుని ఎవరి గ్లాసు తగ్గితే వాళ్ళ దగ్గరికి వెళ్తున్నాడు.

లోపలిగదిలో గాదె పక్కన యిర్దావ్ కూతురు మితికే ఉంది. పదమూడు నిండి పద్నాలుగు నడుస్తున్నాయి. కొత్త గౌను వేసుకుంది. ఆ గౌను ఎందుకో ఆమెకు తెలిసి ఇంకా పూట కూడా కాలేదు.

ఊరికి తెలిసినంతవరకు అది మితికే తాతగారి వర్ధంతి విందు. ఏడో ఏట విందు పెట్టకపోతే పోయినవాడి ఆత్మ ఆకలితో ఇంటి చుట్టూ తిరుగుతుందంటారు. యిర్దావ్ చెయ్యడం ఆలస్యమే చేశాడు. క్రీస్తు బాప్తిస్మం తలుచుకునే టిమ్‌కెత్ పండుగ వెళ్ళింది, పెద్ద ఉపవాసాలు ఇంకా రాలేదు, తినడానికీ తాగడానికీ ఇదే అదను. అందుకే పెద్ద కుండల్లో కల్లు పులియబెట్టినా, రొట్టెలకు తెఫ్ ధాన్యపు పిండి బస్తాలకు బస్తాలు నానబోసినా ఎవరూ ఎందుకని అడగలేదు. మితికే కూడా అడగలేదు. బార్లీ మొలకలు ఎండలో తిరగేసింది ఆమే. కుండలకు పొగ పట్టించింది ఆమే. తాత తనను భుజం మీద ఎక్కించుకుని చర్చికి తీసుకెళ్ళిన రోజులు తలుచుకుంటూ, ఆయన కోసమని ఇష్టంగా చేసింది.

ఆ ఇంటి సంగతి చెప్పాలంటే రేడియో సంగతి చెప్పాలి.

ఎండలో పెడితే ఛార్జి ఎక్కే పసుపు రంగు రేడియో అది. ఊళ్ళో జనం ఒకచోట చేరి నాటకం వినాలనీ, విన్నాక దాని గురించి మాట్లాడుకోవాలనీ ఫెంతాయే పనిచేసే ఆరోగ్య ఆఫీసు వాళ్ళు ఇచ్చారు. ఎవరింట్లో పెట్టాలని ఫెంతాయే అడిగితే అందరూ యిర్దావ్ ఇల్లే చూపించారు. ఇల్లు పెద్దది, మనిషి నెమ్మదస్తుడు, పెళ్ళాం మీద గొంతెత్తి ఎరగడు. అలా బుధవారం, ఆదివారం సాయంత్రాలు ఆ ముందుగది నిండిపోయేది. మితికే కాఫీ గింజలు వేయిస్తూ, దంచుతూ, మూడు విడతలూ పోస్తూ వినేది.

నాటకంలో లెమ్‌లెమ్ అనే పిల్ల. ఆమె తండ్రి అద్మాసు తాగుబోతు, పెళ్ళాన్ని కొడతాడు, మాటమాటకీ దగ్గుతూ నవ్వుతాడు. ఊళ్ళో పిల్లలు మేకలు కాస్తూ ఆ దగ్గు దగ్గేవాళ్ళు. అద్మాసు తన కూతుర్ని ముసలి ధాన్యపు వ్యాపారికి కట్టబెట్టాలని చూస్తాడు. ఆ ముక్క వచ్చినప్పుడల్లా గదిలో ఆడవాళ్ళు ముక్కులు చీదేవాళ్ళు. నానమ్మ అయితే దేవుడి మీద కూడా కోపం తెచ్చుకునేది. ఒకరోజు రేడియో వైపు చెయ్యి చాచి, "ఇటు రావే తల్లీ, నా గాదెలో దాస్తాను, ఎవడొస్తాడో చూస్తాను" అంది. అందరూ నవ్వారు గానీ అందరి కళ్ళూ తడిగానే ఉన్నాయి.

మితికేకి మనుషుల ముందు గొంతు పెగలదు. బళ్ళో మాస్టారు లేపి అడిగితే తెలిసిన జవాబు కూడా పెదాల దగ్గర ఆగిపోయేది. అలాంటిది ఒక ఆదివారం, లెమ్‌లెమ్ ఇప్పుడేం చెయ్యాలని ఫెంతాయే అడిగినప్పుడు, కాఫీ కుండ పట్టుకునే, "డాక్టరమ్మకి చెప్పాలి" అనేసింది. ఫెంతాయే చప్పట్లు కొట్టింది. యిర్దావ్ ముఖం వెలిగిపోయింది. "విన్నారా, మా మూగది మాట్లాడింది" అని అందరికీ చెప్పుకున్నాడు. ఆ రాత్రి మితికేకి సంతోషంతో తిండి సయించలేదు. ఎనిమిదో తరగతి పరీక్ష రాస్తాను, ఫెంతాయే లాగా సంచి తగిలించుకుని ఊరూరూ తిరుగుతాను అని తనలో తను అనుకునే మాట ఆ రోజు మొదటిసారి తల్లితో అంది. తల్లి విని, దీపం ఒత్తి సరిచేసి, పడుకోమంది.

తండ్రి మీద మితికేకి గట్టి నమ్మకం కుదిరింది మాత్రం ఇంకో రోజు. ఆ రోజు నాటకంలో అద్మాసు దొంగపెళ్ళి తలపెట్టాడు. పెళ్ళికొడుకు తరఫు వాళ్ళు పట్టపగలు పాటలు పాడుకుంటూ బడి ముందు నుంచే వచ్చారు. లెమ్‌లెమ్ చేతులకు పెళ్ళికూతురి ఎరుపు పెట్టి ఆ చేతులతోనే నీళ్ళకు పంపారు. ఊరందర్నీ పిలిచి ఆ ఊరి నర్సును ఒక్కదాన్నే వదిలేశారు. నర్సుకు అనుమానం వచ్చింది, పోలీసులు వచ్చారు, పెళ్ళి ఆగింది. గది గదంతా చప్పట్లు. యిర్దావ్ నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నాడు.

"వీడంత గాడిదని నేను చూళ్ళేదు. దొంగపని చేసేవాడు డప్పు కొట్టుకుంటాడా? పిల్ల చేతులకి రంగేసి వీధిలోకి తోలతాడా? పిలవాల్సింది ముందు ఆ నర్సుని కదరా, తెలివితక్కువ వెధవా."

జనం పడీపడీ నవ్వారు. మితికే కూడా శాలువా కొంగులో ముఖం పెట్టుకుని నవ్వింది. నాన్న అద్మాసుని తిట్టడం ఆమె విన్నది. దేనికి తిట్టాడో ఆలోచించాలని ఆమెకు తోచలేదు. ఫెంతాయేకీ తోచలేదు. నాటకం మగవాళ్ళ మనసు కూడా మారుస్తోందని, యిర్దావ్ లాంటివాళ్ళు ఊరికొకరుంటే చాలని ఆవిడ ఆఫీసులో చెప్పింది. ఈ ఊళ్ళో ఈ ఏడు చిన్నపిల్లల పెళ్ళి ఒక్కటీ కాలేదని అక్కడ అందరూ మెచ్చుకున్నారు. యిర్దావ్ మాటలు రికార్డు చేసి రేడియోలోనే వేద్దామని పట్నం నుంచి మనుషులు రావడం కూడా ఖాయమైంది. విందు అయిన మరుసటి వారమే వాళ్ళు రావాలి.

ఇక ఆ శనివారం. పొద్దున్నే తాంగుత్ కూతుర్ని లోపలిగదిలో కూర్చోబెట్టి వేడినీళ్ళతో కాళ్ళు కడిగింది. అంచున శిలువలు కుట్టిన కొత్త గౌను తొడిగింది. తలకు వెన్న రాసి జడలు అల్లడం మొదలుపెట్టింది. తాత విందుకు తనకెందుకు ఇంత అలంకారమని మితికే అడిగింది. తల్లి ఇంకో పాయ తీసింది. కాసేపటికి మెడ మీద వెచ్చగా ఒక చుక్క పడింది. వెన్న కరిగి కారిందేమో అనుకుంది మితికే. ఇంకొకటి పడింది.

"ఎందుకేడుస్తున్నావమ్మా?"

తాంగుత్ జడ ఆపలేదు. అల్లుతూనే చెప్పింది. యిర్దావ్‌కి ఒక ఎద్దు, వుబ్నేకి ఒక ఎద్దు. మితికే పుట్టకముందు నుంచీ ఆ రెంటినీ జత కట్టే రెండిళ్ళ పొలాలూ దున్నుకుంటున్నారు. ఒంటెద్దుతో ఎవరూ దున్నలేరు. కొడుకు ఎదిగాడు, మాటిచ్చిన పిల్లనివ్వండి, లేదంటే పిల్లనిచ్చేవాడి ఎద్దుతోనే జత కట్టుకుంటాను అని వుబ్నే వానలకు ముందే చెప్పేశాడు. మాటిచ్చింది మితికే పాకే వయసులో. యిర్దావ్ చాలారోజులు తిప్పుకున్నాడు, నిద్రపోలేదు. పైగా ఊళ్ళో ఆడవాళ్ళు మితికే ఒళ్ళు చూసి, ఇంకో రెండేళ్ళుంటే నిలిచిపోయిన పిల్ల అంటారని అనడం మొదలుపెట్టారు. ఆ పేరు ఒకసారి పడితే పోదు.

"నాన్న అద్మాసుని తిట్టాడు కదమ్మా."

"తిట్టాడు. వాడు తాగుబోతు గనక తిట్టాడు."

దొడ్లో కంచరగాడిద కట్టేసి ఉండటం మితికే తెల్లవారే చూసింది. గురువుగారిదేమో అనుకుని గడ్డి కూడా వేసింది. ఇప్పుడు అది ఎవరిని ఎక్కించుకోవడానికి వచ్చిందో తెలిసింది. పాటల్లేవు. చేతులకు ఎరుపు లేదు. వుబ్నే వాళ్ళు ఇద్దరిద్దరుగా, వర్ధంతికి వచ్చే చుట్టాల్లాగా, తలలు వంచుకుని వాగు దాటి వచ్చారు. అన్నిటికంటే ముందు, నాలుగు రోజుల కిందటే, యిర్దావ్ స్వయంగా వెళ్ళి ఫెంతాయేని పిలిచాడు.

జపం ముగించుకుని నానమ్మ లోపలికి రాగానే మితికే ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

"నానమ్మా, నన్ను గాదెలో దాచు."

ముసలామె తెల్లబోయింది. "ఎందుకే?"

"లెమ్‌లెమ్‌ని దాస్తానన్నావుగా."

నానమ్మ ముఖంలో మోసం లేదు. నిజంగానే ఆమెకు ఆ రెంటికీ ఉన్న సంబంధం అర్థం కాలేదు. "అది రేడియోలో పిల్ల తల్లీ. వాళ్ళ నాన్న చెడ్డవాడు. మీ నాన్న ఏనాడన్నా నీ మీద చెయ్యెత్తాడా?"

"లేదు."

"మీ అమ్మని కొట్టాడా? తాగొచ్చాడా? ముసలాడికి ఇస్తున్నాడా?"

"లేదు."

"మరింకేంటే?" అని మనవరాలి బుగ్గలు నిమిరింది. "నన్నయితే నిద్రలో ఎత్తుకెళ్ళారు. కంచరగాడిద మీద పడుకునే పోయా. తెల్లారి లేచి అమ్మ కోసం ఇల్లంతా వెతుక్కున్నా. నిన్ను మెలకువగా ఉండగా చెప్పి పంపుతున్నారు. కాలం ఎంత మంచిదయిందో చూడు." ఈ మాట అని, ఆమె ఓదార్చిన తృప్తితో మళ్ళీ ఎండలోకి వెళ్ళి కూర్చుంది.

మధ్యాహ్నం భోజనాల వేళకు తాంగుత్ వచ్చి కూతురి చేతిలో కూజా, బేసిను పెట్టింది. ఆ ఇంట్లో అతిథుల చేతుల మీద నీళ్ళు పోసేది ఎప్పుడూ మితికేనే. ఈ రోజు కనబడకపోతే డాక్టరమ్మ అడుగుతుందని నాన్న అన్నాడట. కన్నీళ్ళు తుడుచుకుని రమ్మంది. పైన పాత శాలువా కప్పింది, కొత్త గౌను మరీ కనబడకుండా.

మితికే గురువుగారితో మొదలుపెట్టింది. తర్వాత వుబ్నే. ఆయన చేతులు నాగలి పట్టి కాయలు కాసి ఉన్నాయి. నీళ్ళు పోస్తుంటే దేవుడు చల్లగా చూడాలి అని ఆశీర్వదించాడు. తర్వాత ఆయన కొడుకు. అతను చేతులు చాచాడు గానీ కళ్ళెత్తలేదు. అటు తర్వాత ఫెంతాయే.

మితికే ఆ కొంచెం దూరం నడిచింది. వంగింది. కూజా వంచింది. ఫెంతాయే సబ్బు రుద్దుకుంటూ, చదువెలా సాగుతోందని మామూలుగా అడిగింది. గదిలో అందరూ ఏదో మాట్లాడుకుంటున్నారు. తండ్రి వెనక ఎక్కడో ఉన్నాడు.

"ఇది తాత విందు కాదు," అంది మితికే. తన గొంతు తనకే వినబడలేదేమోనని మళ్ళీ అంది. "డాక్టరమ్మా, ఇది తాత విందు కాదు. నన్ను పంపించేస్తున్నారు. వుబ్నే వాళ్ళింటికి. ఇవాళే."

ఫెంతాయే చేతులు అలాగే ఆగిపోయాయి. నీళ్ళు పడుతూనే ఉన్నాయి. బేసిను నిండి నేల మీదికి పొర్లేదాకా మితికేకి కూజా ఎత్తాలని తట్టలేదు.

"లోపలికి వెళ్ళి కూర్చో," అంది ఫెంతాయే, పెదాలు కదిలీ కదలకుండా. "నే వస్తాను."

మితికే వెళ్ళి గాదెకు ఆనుకుని కూర్చుంది. చెప్పగలిగింది. పుట్టి ఇన్నేళ్ళకు చెప్పాల్సిన మాట, చెప్పాల్సిన మనిషికి, చెప్పాల్సినప్పుడే చెప్పింది. ఒంట్లో ఏదో తేలికయింది. సోమవారం బడికి వెళ్ళినప్పుడు లెక్కల పుస్తకం వెనక్కి ఇవ్వాలని కూడా గుర్తొచ్చింది.

కాసేపటికి వెనక గోడ అవతల నుంచి మాటలు వినబడ్డాయి. ఫెంతాయే యిర్దావ్‌ని దొడ్లోకి పిలిచింది. మట్టిగోడ పలచన, కంచరగాడిద తోక ఝాడించడం కూడా తెలుస్తోంది. ఫెంతాయే చట్టం గురించి చెప్పింది. జైలు గురించి చెప్పింది. గొంతు గట్టిగానే ఉంది. యిర్దావ్ మధ్యలో అడ్డు రాలేదు. అంతా విని అప్పుడు మాట్లాడాడు.

"దాచేవాణ్ణయితే మిమ్మల్ని పిలుస్తానా డాక్టరమ్మా? పిల్ల వాళ్ళ అత్త దగ్గర పెరుగుతుంది, అంతే. పద్దెనిమిది నిండేదాకా ఆ అబ్బాయి దాని జోలికి రాడు. గురువుగారి శిలువ ముట్టుకుని ఒట్టేశారు. బడికి కూడా పంపుతారు. నేను అద్మాసునా? మీరే చెప్పండి. ఇన్నాళ్ళు చూశారుగా నన్ను."

ఫెంతాయే చెప్పులు రెండడుగులు అటు, రెండడుగులు ఇటు నడిచిన చప్పుడయింది. యిర్దావ్ మళ్ళీ అన్నాడు.

"వచ్చే వారం రేడియో వాళ్ళొస్తారుగా, మాట్లాడతాను. మీరెలా చెప్పమంటే అలా చెప్తాను. పద్దెనిమిది నిండకుండా ఎవరూ చెయ్యొద్దని చెప్తాను. నాకూ అదే ఇష్టం. నాకు రెండో ఎద్దుంటే నేనూ అదే చేద్దును."

ఆ మాట దగ్గర ఆయన ఏడ్చాడు. నాన్న ఏడవడం మితికే అంతకుముందు నాటకం వింటున్నప్పుడే చూసింది.

చాలాసేపటికి ఫెంతాయే లోపలిగదిలోకి వచ్చింది. మితికే లేచి నిలబడింది. ఫెంతాయే ఆమెను కూర్చోబెట్టి, తనూ పక్కన నేల మీద కూర్చుంది. మితికే జడల వైపు చూస్తూ ఉండిపోయింది. అప్పుడు మితికేకి అర్థమైంది, అయినా అడిగింది.

"పోలీసులొస్తారా?"

"పోలీసులు సంతఊళ్ళో ఉన్నారు. ఇప్పుడు బయల్దేరినా చీకటి పడుతుంది."

"రేపొస్తారా?"

ఫెంతాయే శాలువా అంచు వేలికి చుట్టుకుంటూ చెప్పింది. పోయినేడు కొండ అవతలి ఊళ్ళో ఒక పిల్ల పేరు ఆవిడే పోలీసులకు ఇచ్చింది. పెళ్ళి ఆగింది. ఆ తర్వాత ఆ ఊళ్ళో ఒక్క తల్లి కూడా బిడ్డను టీకాకు తేలేదు. ఆవిడ గుమ్మాలు తిరిగితే కుక్కల్ని వదిలారు. వానాకాలంలో తట్టు వచ్చింది. ఎంతమంది పిల్లలు పోయారో ఆవిడ చెప్పలేదు. ఆ ఆగిన పెళ్ళి కూడా మళ్ళీ ఉపవాసాలయ్యాక, ఇంకో ఊళ్ళో, ఇంకో పేరుతో చేసేశారని మాత్రం చెప్పింది.

"నేనిప్పుడు అరిస్తే ఈ ఊళ్ళోనూ అంతే," అంది. "మీ నాన్న మంచివాడు మితికే. ఒట్టేశాడు. బడికి పంపుతారట."

"వాగు అవతల బడి లేదు."

ఆ సంగతి ఫెంతాయేకి తెలుసు. ఆ దారిలో టీకాల పెట్టె మోసుకుని తిరిగేది ఆవిడే. ఆవిడ తల వంచుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కానీ తుడుచుకోలేదు, పడనూ లేదు.

"డాక్టరమ్మా, నన్ను మీ గదికి తీసుకెళ్ళండి. నేను అన్నీ చేస్తాను. నీళ్ళు తెస్తాను."

ముందుగదిలో కిఫ్లే గురువు ఆశీర్వచనం చదవడం మొదలుపెట్టాడు. అందరూ లేచి నిలబడిన చప్పుడు వినబడింది. తాంగుత్, డాక్టరమ్మకు మూడో విడత కాఫీ చల్లారిపోతోందని పిలిచింది. దొడ్లో ఎవరో కంచరగాడిద మీద జీను వేసి పటకా బిగిస్తున్నారు. మితికే ఫెంతాయే మణికట్టు పట్టుకుంది. గట్టిగా పట్టుకోవడం ఎలాగో ఆమెకు తెలియదు. ఫెంతాయే ఆ వేళ్ళను ఒక్కొక్కటే, నెప్పి పుట్టకుండా, విడదీసింది. జారిన పాత శాలువా మళ్ళీ ఆ పిల్ల భుజాల మీదికి లాగింది.

"ఏడవకు. చూసేవాళ్ళు ఇంకేదో అనుకుంటారు," అంది.

లేచి గడప దాటింది. ముందుగదిలో యిర్దావ్, రండి డాక్టరమ్మా, మీ కోసమే ఆగాం అంటున్నాడు. ఫెంతాయే వెనక్కి చూడకుండా చెయ్యి మాత్రం వెనక్కి చాచి తలుపు మూసింది.